బెంగళూరు పార్కులో క్లైంబింగ్ పండగ పెట్టాలంటే

క్లైంబింగ్ పండగ అంటే పార్కులో ఎత్తయిన గోడ నిలబెట్టి, నడుముకు తాడు కట్టి జనాన్ని ఎక్కించడం. ఆ మాట అనగానే అందరికీ ముందు గోడే గుర్తొస్తుంది. ఎంత ఎత్తుండాలి, ఎన్ని రంగుల పట్లు (చేత్తో పట్టుకుని, కాలు పెట్టి ఎక్కే దిమ్మలు) బిగించాలి, ఫొటోలో ఎలా పడుతుంది! మేం మా లేఅవుట్ పార్కులో మొదటిసారి పెట్టినప్పుడు రెండు నెలలు ఇదే మాట్లాడుకున్నాం. తీరా ఆ ఆదివారం ఉదయం పదకొండింటికి చూస్తే గోడ సగం ఖాళీగా ఉంది, లైను మాత్రం ఉయ్యాలల దాకా పాకింది. కారణం చాలా చిన్నది. కింద తాడు పట్టుకోవాల్సిన ఇద్దరు కుర్రాళ్లు ఆకలేసి ఇడ్లీ తినడానికి వెళ్లారు. వాళ్ల బదులు నిలబడేవాళ్లు లేరు.

అందుకే ఇక్కడ నేను చెప్పే లెక్కలన్నీ ఎక్కేవాళ్లతో కాకుండా కింద నిలబడేవాళ్లతో మొదలవుతాయి.

ఊళ్లో ఉన్న బండల జోలికి వెళ్లకండి

బెంగళూరులో బండలకు కరువు లేదు కదా, నేరుగా రాయి మీదే ఎక్కిస్తే పోలేదా అని ఎవరో ఒకరు అంటారు. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు, దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. బసవనగుడి బ్యూగల్ రాక్ కూడా ఆ కాలం నాటిదే. వాటికి మేకులు కొట్టడం, సుద్దపొడి పూయడం మన పని కాదు. తురహళ్లి గుండ్ల మీద క్లైంబర్లు ఏళ్ల తరబడి ప్రాక్టీసు చేసినమాట నిజమే, కానీ అది అటవీశాఖ స్థలం. రామనగర అద్భుతమైన చోటు. అయితే అక్కడి రామదేవరబెట్ట 2012 నుంచి రాబందుల అభయారణ్యం, పైగా ఊరికి 50 కిలోమీటర్లు. పొద్దున వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన ‘ఇదేంటో చూద్దాం’ అని ఆగాలంటే పండగ ఆయన నడిచే దారి పక్కనే ఉండాలి. కాబట్టి పార్కులో తాత్కాలికంగా నిలబెట్టే గోడే మనకు దారి.

పార్కు ఎవరిదో కనుక్కోండి

కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ ఉద్యానశాఖవి. పేటల్లో ఉండే చిన్న పార్కులు ఎక్కువగా నగరపాలికవి. 2025 సెప్టెంబర్ నుంచి పాత నగరపాలిక బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి మీ పార్కు ఏ కార్పొరేషన్ కిందికి వస్తుందో ముందు తేల్చుకోండి. పాత ఆఫీసుకు పాత పేరుతో అర్జీ రాస్తే అది ఆ బల్ల మీద నుంచి ఈ బల్ల మీదికి తిరుగుతూనే ఉంటుంది. మొదటిసారి పెట్టేవాళ్లు కబ్బన్ పార్కు మీద ఆశ పెట్టుకోవద్దనే చెబుతాను. అక్కడ నిబంధనలు గట్టివి, జనం ఎక్కువ. మట్టి మైదానం ఒకటుండి, నలుగురికీ తెలిసిన పేట పార్కు అన్నిటికన్నా మేలు.

అర్జీ కన్నడంలో రాయించండి. మాటల్లో తెలుగుతో నెట్టుకురావచ్చు, కాగితం మీద మాత్రం కన్నడం పని చేసినట్టు ఇంకేదీ చేయదు. అందులో తప్పక ఉండాల్సినవి: తేదీ, గంటలు, గోడ ఎత్తు, నేలలో ఒక్క గుంత కూడా తవ్వమన్న హామీ, చెట్లకు ఏదీ కట్టమన్న హామీ, శుభ్రం చేసి అప్పగిస్తామన్న మాట. దానికి స్థలం నక్షా చేతిగీతగా జత చేసినా చాలు. స్థానిక పోలీస్ స్టేషన్‌కూ ఒక కాపీ ఇచ్చి, ముద్ర వేయించుకుని ఉంచుకోండి.

ఆఫీసులో ‘ఇది ఒలింపిక్స్‌లో ఉండేదేనా?’ అని అడుగుతారు. అవును. టోక్యో 2020 క్రీడలు జరిగింది 2021లో, క్లైంబింగ్ ఒలింపిక్స్‌లోకి మొదటిసారి వచ్చింది వాటిలోనే. వేగం పోటీలో గోడ ఎత్తు 15 మీటర్లు, మనది అందులో సగం అని చెప్పండి, వాళ్ల కంగారు తగ్గుతుంది. ‘పోటీ’ అన్న మాట మాత్రం అర్జీలో రాయకండి. పోటీ అంటే ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ నియమాలు, జడ్జీలు, ర్యాంకులు గుర్తొస్తాయి. మనం పెట్టేది పండగ.

తేదీ

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టండి, వాన భయం తక్కువ. మేలో మధ్యాహ్నం దాకా ఎండగా ఉండి మూడింటికి ఉరుములతో కురుస్తుంది, గోడను మోసే ఇనప స్కాఫోల్డింగ్ (గొట్టాల చట్రం) పక్కన నిలబడి మెరుపులు చూడటం సరదా కాదు. సెప్టెంబర్, అక్టోబర్ అసలే వద్దు.

సంక్రాంతి వారం కూడా కుదరదు. మా వలంటీర్లలో సగానికి పైగా మనవాళ్లే. భోగికి రెండు రోజుల ముందు నుంచే కడప, అనంతపురం, గుంటూరు బస్సుల్లో ఉంటారు. జనవరి చివర్లో గణతంత్ర దినోత్సవం, లాల్‌బాగ్ పూల ప్రదర్శన ఉంటాయి, పోలీసులకు వేరే పనులుంటాయి. మార్చి వచ్చిందంటే పరీక్షలు. ఇవన్నీ కొట్టేయగా మాకు మిగిలింది ఫిబ్రవరి మొదటి రెండు ఆదివారాలు. మూడేళ్లుగా వాటిలోనే ఒకటి పట్టుకుంటున్నాం.

చోటు చూడటానికి మూడుసార్లు వెళ్లండి

పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదటి ఏడాది మా గోడ పడమరకు తిరిగి ఉంది. రెండింటికల్లా పట్లు వేడెక్కి పిల్లలు చేతులు ఊదుకుంటున్నారు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి. ఎండ కొట్టే చోట గంటల తరబడి నిలబడినవాళ్లకు కళ్లు చెదురుతాయి, తల తిరుగుతుంది. తాడు పట్టినవాడి చూపు ఎక్కేవాళ్ల మీద నుంచి పక్కకు పోకూడదు. ఇప్పుడు గోడ ముఖం ఉత్తరానికి పెడుతున్నాం. చలికాలంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు, గోడ వెనక దాక్కుంటాడు, తాడు పట్టుకునేవాళ్లు నీడలో ఉంటారు. ఉత్తరం కుబేర స్థానం అని వాస్తు తెలిసిన ఒకాయన తెగ మెచ్చుకున్నాడు. కాదనలేదు.

తర్వాత తల పైకెత్తి చెట్ల కొమ్మలు చూడండి. తేనెపట్టు ఉందేమో! ఇది మామూలు జాగ్రత్త అనుకోవద్దు. రామనగరలో ఎక్కేవాళ్లను అడగండి, తాడు కన్నా తేనెటీగలకే ఎక్కువ భయపడతామంటారు. కొండ తేనెటీగలు పెద్ద చెట్ల ఎత్తయిన కొమ్మలకు ఒక్కటే పెద్ద పట్టు పెడతాయి. జనరేటర్ పొగ, అదురు, ఎవడో సరదాకి విసిరిన రాయి, ఇందులో ఏ ఒక్కటి చాలు. దగ్గర్లో పట్టు కనిపిస్తే చోటు మార్చండి. పట్టును కాల్పించే ఆలోచన చేయకండి. పండగ వారం ముందు మళ్లీ ఒకసారి చూడండి, అవి రాత్రికి రాత్రి వచ్చి వాలతాయి.

ఇక గేటు సంగతి. బైకులు రాకుండా పార్కులకు వంకర గేట్లు పెడతారు, మనిషి ఒళ్లు తిప్పుకుని దూరాలి. స్ట్రెచర్ దూరదు. పెద్ద గేటుకు ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. మా పార్కులో తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుందని అందరూ చెప్పారు. ముందు రోజు తీయించి చూస్తే చెవి ఉంది, తాళమే తుప్పు పట్టి తిరగలేదు. కొబ్బరినూనె పోశాం, సుత్తితో తట్టాం, చివరికి కోయించి కొత్తది కొని వేశాం. ఆ రోజు ఎవరికీ దెబ్బ తగల్లేదు, అంబులెన్స్ అవసరం రాలేదు. కానీ ఆ తాళం సంగతి పండగ మధ్యలో తెలిసి ఉంటే? 108 నంబరు బోర్డు మీద రాస్తే సరిపోదు, ఆ బండి ఎటు నుంచి లోపలికి వస్తుందో మీరు నడిచి చూడాలి.

గోడ

రెండు రకాలు దొరుకుతాయి. ట్రైలర్ మీద వచ్చే గోడ ఏడెనిమిది మీటర్లు లేస్తుంది, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతుంది. రెండోది స్కాఫోల్డింగ్ కట్టి ప్లైవుడ్ పలకలు బిగించేది. మీ పార్కు గేటులో ట్రైలర్ పట్టకపోతే రెండోదే గతి. కల్యాణమండపాలకు స్టేజీ వేసేవాళ్లు ‘ఇంత దానికి ఇంజినీరెందుకు సార్, మేం కట్టేస్తాం’ అంటారు. ఒప్పుకోకండి. గోడకు మనిషి బరువు ఒక్కటే కాదు, గాలి తోపు కూడా తగులుతుంది. పెద్ద పలక అంటే ఒక రకంగా తెరచాపే. లెక్క కట్టి సంతకం పెట్టే స్ట్రక్చరల్ ఇంజినీర్ ఉండాల్సిందే. ఆ కాగితం పార్కు ఆఫీసుకూ ఇవ్వండి.

నేల తవ్వకుండా గోడను ఎలా నిలబెట్టాలన్నది అసలు చిక్కు. నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులు దీనికి బాగా పనికొస్తాయి. 1,000 లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను బరువు. ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరు మోసుకెళ్లవచ్చు. ఎన్ని కావాలో, ఎక్కడ పెట్టాలో ఇంజినీరే చెప్పాలి. ఈ ఊళ్లో నీళ్లు ఎంత పిరమో తెలుసు కదా, టన్నులకొద్దీ నీళ్లు తెచ్చి పారబోస్తామంటే ఎవరూ హర్షించరు. అందుకే తాగునీరు వాడకుండా శుద్ధి చేసిన మురుగునీటి ట్యాంకర్ తెప్పించాం. ఆ నీళ్లు చివరికి ఏమయ్యాయో తర్వాత చెబుతాను.

నాలుగు దారులు పెడితే మూడు తేలికవే ఉండాలి. నిచ్చెన ఎక్కినంత తేలిక. పట్లు బిగించే కుర్రాళ్లు మంచి క్లైంబర్లు, వాళ్లకు తేలిక అనిపించింది మామూలు జనానికి కొండ. బిగించాక మీ అపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ వ్యాయామం చేయని ఒకరిని పిలిచి ఎక్కించండి, వారు సగంలో ఆగితే పట్లు మార్చండి. పైన ఒక ఇత్తడి గంట కట్టండి. గుడిగంట లాంటిదే. ఆ గంట మోగించడానికి ఎక్కిన మామ్మలను చూశాను నేను.

నాలుగైదేళ్ల పిల్లలకు వేరే పొట్టి గోడ పెట్టండి, పైకి కాకుండా పక్కకు పాకేది. కాళ్లు నేల నుంచి రెండడుగులు దాటకూడదు, కింద మందపాటి క్రాష్ ప్యాడ్లు (పరుపులు), వాటి మధ్య సందు లేకుండా. నిజానికి రోజంతా ఎక్కువ సందడి అక్కడే.

సామాను దగ్గర మొహమాటం వద్దు

మా కమిటీలో బిల్డర్ ఒకాయన తన సైట్లో వాడే సేఫ్టీ బెల్టులు, పసుపు నైలాన్ తాళ్లు ఊరికే ఇస్తానన్నాడు. మంచి మనసే. కానీ అవి ఈ పనికి చేసినవి కావు. దణ్ణం పెట్టి వద్దన్నాం. యూరప్ ప్రమాణాల ప్రకారం తాడు మీద ఈఎన్ 892, హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టే పట్టీలు) మీద ఈఎన్ 12277, క్యారబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) మీద ఈఎన్ 12275, హెల్మెట్ మీద ఈఎన్ 12492 అని ఉండాలి, లేదా అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య యూఐఏఏ గుర్తు ఉండాలి. క్యారబినర్ వెన్ను మీద 20 కిలోన్యూటన్లకు తగ్గకుండా అంకె చెక్కి ఉంటుంది. అంటే దాదాపు రెండు టన్నుల లాగుడు. ఇవి కొనక్కర్లేదు, ఊళ్లో క్లైంబింగ్ జిమ్‌లు, క్లబ్బులు ఉన్నాయి. వాళ్ల సామానుతో పాటు వాళ్ల మనుషులనూ అడగండి. సామాను మటుకు తెచ్చుకుని మనుషులు వద్దనుకుంటే పండగ వద్దనుకున్నట్టే.

తాడుకు ఇద్దరు

ఇప్పుడు అసలు లెక్క. కొత్తవాళ్లు ఒకరు ఎక్కి దిగడానికి ముడి వేయడం, చూసుకోవడం, ఎక్కడం, దించడం, ముడి విప్పడం అన్నీ కలిపి ఏడెనిమిది నిమిషాలు. తాడుకు గంటకు ఎనిమిది మంది. నాలుగు తాళ్లు, ఐదు గంటలు. మొత్తం 160 మంది, అంతే. మేం మొదటి ఏడాది వచ్చిన ప్రతి పిల్లాడికీ టోకెన్ ఇచ్చేశాం. మధ్యాహ్నానికి తల్లిదండ్రులు నా చొక్కా పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఇప్పుడు 150 టోకెన్లే, ప్రతి దాని మీద గంట రాసి ఉంటుంది. ‘11 నుంచి 12’ అని ఉన్నవాళ్లు పదింటికి వచ్చి నిలబడరు, ఇంటికెళ్లి టిఫిన్ చేసి వస్తారు.

ప్రతి తాడుకూ ఇద్దరుండాలి. ఒకరు బిలే చేస్తారు, అంటే తాడు వదలకుండా, బిగువు చూసుకుంటూ పట్టుకునేవారు. రెండోవారు ఆయన వెనక నిలబడి తాడు చివరి భాగం పట్టుకుని ఉంటారు. మొదటాయన చెయ్యి జారినా రెండో చెయ్యి ఉంటుంది. ఎనభై కిలోల మనిషి ఎక్కుతుంటే యాభై కిలోల అమ్మాయిని కింద పెట్టకండి, ఆమె గాల్లోకి లేస్తుంది. ముప్పావు గంటకు మనిషి మారాలి. మెడ ఎత్తి నిలబడి చూడండి, ఇరవై నిమిషాలకే తెలుస్తుంది. కాబట్టి నాలుగు తాళ్లకు ఎనిమిది కాదు, పన్నెండు మంది కావాలి. హార్నెస్ తొడిగేవాళ్లు నలుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్లు తప్పనిసరి. పిల్లల ప్యాడ్ల దగ్గర ముగ్గురు, లైను దగ్గర ఇద్దరు, ప్రథమ చికిత్స దగ్గర ఇద్దరు. ఇరవై మూడు. పన్నెండు మంది బిలేయర్లు దొరక్కపోతే మూడు తాళ్లే కట్టండి, గోడ ఎంత పెద్దదైనా సరే.

వీళ్ల టిఫిన్, కాఫీ, మజ్జిగ వీళ్ల దగ్గరికే రావాలి. ఇడ్లీ కోసం తాడు వదిలిన కథ చెప్పాను కదా!

గాజులు, చున్నీలు, ‘కూర్చోండి’

హార్నెస్ బల్ల దగ్గర ఒక ట్రేలో రబ్బర్ బ్యాండ్లు పెట్టండి. విరబోసిన జుట్టు, వేలాడే చున్నీ తాడును ఆపే బిలే పరికరంలోనో తాడులోనో చిక్కుకుంటాయి. ఉంగరాలు తీయమనాలి. ఉంగరం పట్టుకు తగులుకుని ఒళ్లు జారితే వేలికి వచ్చే ముప్పు మామూలుది కాదు. గాజులు తీసి వాళ్లవాళ్ల చేతిలోనే పెట్టాలి. మంగళసూత్రం, నల్లపూసలు తీయమని మాత్రం అడగకండి, లోపలికి దోపుకోమంటే చాలు. చీర కట్టుకుని వచ్చినవాళ్ల కోసం మేం నాలుగు సైజుల్లో ట్రాక్ ప్యాంట్లు, బట్టతో మూసిన చిన్న గది పెడుతున్నాం. అది లేని మొదటి ఏడాది ఎక్కిన ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ముడి మనవాళ్లే వేయాలి. ఫిగర్ ఎయిట్ ముడి, చూడటానికి 8 అంకెలా ఉంటుంది కాబట్టి తప్పయితే కంటికే తెలుస్తుంది. వేసినవారు కాక ఇంకొకరు చూడాలి: హార్నెస్ నడుం పైన ఉందా, బకిల్ బిగిసిందా, ముడి సరిగ్గా ఉందా, క్యారబినర్ తాళం పడిందా. నోటితో చెబుతూ, చేత్తో ముట్టుకుంటూ.

ఎక్కడం తేలిక, దించడమే కష్టం. గంట కొట్టిన ఆనందంలో కిందికి చూస్తారు, అంతే, చేతులు పట్టుకు అతుక్కుపోతాయి. మా కుర్రాడొకడు ఒకావిడను ‘చేతులు వదిలేయండాంటీ, వదిలేయండి’ అని అరుస్తున్నాడు. ఆవిడ ఇంకా గట్టిగా పట్టుకుంది. ఎవరు వదులుతారు? పక్కనున్న బిలేయర్ గొంతు తగ్గించి, ‘అమ్మా, తాడు నా చేతిలో ఉంది. వెనక కుర్చీ ఉందనుకుని కూర్చోండి’ అంది. ఆవిడ కూర్చుంది. తాడు బిగిసింది. ‘అయ్యో, ఇంతేనా!’ అంటూ నవ్వుతూ దిగింది. అప్పటి నుంచి ‘వదిలేయండి’ అన్న మాట మా దగ్గర నిషేధం. ‘కూర్చోండి’ అనాలి, కన్నడంవాళ్లకైతే ‘హెదర్బేడి, కూత్కొళ్ళి’ (భయపడకండి, కూర్చోండి). ప్రతి తాడు దగ్గర తెలుగు, కన్నడం, హిందీ, తమిళం వచ్చినవాళ్లు కలిసేలా జట్లు వేయండి.

ఇందుకే మైకు, పాటలు వద్దంటాను. అనుమతి తీసుకోవడం ఒక తలనొప్పి, అది అటుంచితే పైనుంచి ‘దించండి’ అన్న మాట కింద వినపడాలి కదా.

భువనగిరి బండ మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న పద్నాలుగేళ్లు కూడా నిండకుండా ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ ఫొటో ఒకటి లైను పక్కన పెట్టాం. లైన్లో నిలబడ్డ పిల్లలకు అరగంట చర్చకు అది చాలింది.

కాగితాలు, తిండి

పద్దెనిమిది లోపువాళ్లకు అమ్మానాన్నల సంతకం కావాలి. ఫారం వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. సంతకం తీసుకున్నంత మాత్రాన మన బాధ్యత తీరదు, అది గుర్తుంచుకోండి. కార్యక్రమానికి బీమా తీసుకునేటప్పుడు సాహస క్రీడలకు వర్తించదన్న షరతు చిన్న అక్షరాల్లో ఉందేమో చదవండి. మాకు మొదట చూపించిన పాలసీలో సరిగ్గా అదే ఉంది.

కర్ణాటకలో 2016 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, ఫ్లెక్సీలు నిషేధం. గుడ్డ బ్యానరు రాయించండి, స్టీలు గ్లాసులు అద్దెకు తెండి. తిండి స్టాల్ ఒకటి చాలు. పెరుగన్నం, చిత్రాన్నం ఉంటే ఎవరూ ఇంకేమీ అడగరు.

మర్నాడు

గోడ విప్పేటప్పుడు గడ్డిలో మరలు, బోల్టులు పడతాయి. పొద్దున్నే ఆ గడ్డి మీద చెప్పుల్లేకుండా నడిచేవాళ్లుంటారు. పాత స్పీకర్‌లోని అయస్కాంతానికి తాడు కట్టి గడ్డి మీద ఈడ్చుకుంటూ తిరగండి. మాకు మొదటిసారి గుప్పెడు దొరికాయి. ముందు తీసిన ఫొటో, తర్వాత తీసిన ఫొటో పక్కపక్కన పెట్టి పార్కు ఆఫీసులో ఇవ్వండి. మరుసటి ఏడాది అర్జీకి అదే సిఫార్సు.

ట్యాంకుల నీళ్లు పారబోయలేదు. గోడ పూర్తిగా విప్పాక, ముందు కాదు, పైపు తగిలించి కొత్తగా నాటిన మొక్కలకు పెట్టాం. పార్కు మాలీది కోలారు దగ్గర పల్లె, మనతో తెలుగే మాట్లాడతాడు. మొదటి ఏడాది మమ్మల్ని చూసి గొణుక్కుంటూ తిరిగినవాడు, మొన్న తనే నా దగ్గరికొచ్చాడు.

‘వచ్చేతూరి ఆ ట్యాంకులు ఈ పక్క పెట్టుకోండి సార్. ఆ మూల కానుగ మొక్కలకి నీళ్లు అందట్లేదు’ అన్నాడు.

ఇంజినీర్‌ని అడిగి చెబుతానన్నాను.